కెమికల్ లోడ్ ఎత్తే డ్రైవర్లు, లోడింగ్ వాళ్లకి

పైడిభీమవరం వైపు ట్యాంకర్లు నడిపే అన్నదమ్ములారా, ప్రమాదకర సరుకుకి హెవీ లైసెన్సు ఒక్కటే చాలదు. కేంద్ర మోటారు వాహనాల నియమావళి, 1989లోని 9వ నియమం ప్రకారం 3 రోజుల శిక్షణ పొంది, లైసెన్సులో ఆ సంగతి రాయించుకోవాలి.

నాకు ఎక్కువ భయం లోడింగ్ దగ్గరే. టోలుయిన్ అనే మండే ద్రావకం ఆవిరి గాలికంటే బరువు. నేలబారున పాకి ఎక్కడో ఉన్న నిప్పుని అందుకుంటుంది. స్థిర విద్యుత్తు నిప్పురవ్వ రాకుండా ట్యాంకర్‌కి ఎర్తింగ్ తీగ తగిలించకుండా పంపు ఆన్ చేయొద్దు, ఎవరు తొందరపెట్టినా సరే.

సరుకు ఏదో గుర్తుపట్టడానికి ఇచ్చే యూఎన్ నంబరు 1294 అంటే టోలుయిన్, 1230 అంటే మిథనాల్. బండి ప్యానెల్ మీదా, ట్రెమ్ కార్డులోనూ (ప్రమాదం జరిగితే ఏం చేయాలో రాసి ఉండే కార్డు) ఒకే నంబరు ఉండాలి. మిథనాల్ మంటకి మామూలు నురగ నిలవదు, ఆల్కహాల్‌ని తట్టుకునే నురగ కావాలి. ఫైర్ వాళ్లు ఆ నంబరు చూసే నిర్ణయిస్తారు. ట్రెమ్ కార్డు మీరు చదవగలిగే భాషలోనే అడిగి తీసుకుని క్యాబిన్‌లో పెట్టుకోండి.

శిక్షణ కాని వాళ్లు ఇక్కడే పేరు పెట్టండి, కలిసి వెళ్దాం.