పేరుతో, చెట్టుచేమతో మొదలు కావలసిన చదువు

సంపాదకులకు నమస్కారములు.

తిరుపతిలోని అనేక బడులలో ఎల్‌కేజీ, యూకేజీ పిల్లల చేత జూన్ నెల తిరగకముందే నాలుగు గీతల పుస్తకాలలో పేజీలకు పేజీలు దిద్దించడం పరిపాటి అయిపోయింది. చాలాకాలం ఒకటో తరగతికి పాఠాలు చెప్పి పదవీ విరమణ చేసిన ఉపాధ్యాయురాలిగా, ఈ వయసు పిల్లలకు అక్షరాలను వారి పేర్లతోనూ, లోకజ్ఞానాన్ని బడి చుట్టూ ఉన్న చెట్టుచేమలతోనూ మొదలుపెట్టాలని మీ పత్రిక ద్వారా విన్నవించుకుంటున్నాను.

మూడు నాలుగేళ్ల పిల్లలకు తమ పేరు కంటే ఇష్టమైన మాట మరొకటి ఉండదు. అయితే గుర్తింపు కార్డు మీదా, సంచి మీదా, నోటుపుస్తకాల అట్టల మీదా అది ఇంగ్లీషులోనే ఉంటున్నందువల్ల, యూకేజీ పూర్తి చేసి వచ్చి కూడా తెలుగులో తమ పేరు ఎలా ఉంటుందో తెలియని పిల్లలు నా తరగతిలో ఏటా ఉండేవారు. ఒక్కొక్కరి పేరూ ఒక్కొక్క అట్టముక్క మీద పెద్ద అక్షరాలతో రాసి, ఉదయం రాగానే ఎవరి అట్టను వారే వెతికి గోడకు తగిలించడాన్ని హాజరుగా పెడితే, కొద్దిరోజులకే పక్కవారి పేర్లు కూడా గుర్తుపట్టడం మొదలవుతుంది. మునికృష్ణ, మునిరత్నం, మునెమ్మ వంటి పేర్లకు మన ప్రాంతంలో కొదవ లేదు కనుక, ఆ అట్టలను పక్కపక్కన ఉంచితే ‘ము’ అనే అక్షరం ఎవరూ చెప్పకుండానే పిల్లల కంట పడుతుంది. మునికృష్ణకు నాలుగు చప్పట్లు, తన్వికి రెండు అని పేరును విరిచి పలికిస్తే మాటలోని ధ్వనులను విడదీసే నేర్పు వస్తుంది. ఒత్తులను చిట్టచివరనే చెప్పాలన్న మన పాత నియమాన్ని జశ్విత, హర్షిత్ అని పేర్లు పెట్టిన తల్లిదండ్రులు ఎప్పుడో తుంగలో తొక్కారు. దాని గురించి టీచర్లు దిగులు పడనక్కరలేదు.

ఇక చెట్టుచేమల సంగతి. శేషాచలం కొండలలో పెరిగే ఎర్రచందనం తూర్పు కనుమల దక్షిణ భాగానికే పరిమితమైన చెట్టు. ఆ కొండల పాదాన పెరుగుతున్న మన పిల్లలకు అది దొంగరవాణా వార్తగా చెవిన పడుతున్నదే తప్ప, చుట్టూ పలుచని రెక్క ఉన్న దాని గుండ్రని కాయను చేతిలో పెట్టి చూపినవారు అరుదు. అంత దూరం పోకపోయినా వేప, కానుగ, చింత లేని వీధి ఉండదు. పొద్దుగూకే వేళ చింతాకు ఏమవుతుందో చూసి రమ్మనడం కంటే మంచి హోంవర్కు ఏముంటుంది? గన్నేరు, జిల్లేడు, ఉమ్మెత్తలను ముందుగానే చూపి, వాటిని తాకరాదని, నోట పెట్టరాదని చెప్పడం మాత్రం టీచరు బాధ్యత.

చిత్తూరు ప్రాంతపు ఇళ్లలో పితికిపప్పు తెలియనివారు ఉండరు. రాత్రి నానబెట్టిన అనపగింజను బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పట్టి నొక్కితే, తోలు వేళ్లలో మిగిలి పప్పు చటుక్కున జారిపడుతుంది. పిల్లలు పకపకా నవ్వుతూ ఇంకో గింజకు చేయి చాపుతారు. పెన్సిలు పట్టడానికి కావలసిన వేళ్ల పట్టు ఇటువంటి పనులతోనే కుదురుతుంది. పప్పును రెండు బద్దలుగా విప్పితే లోపలి బుల్లి మొలక కనబడుతుంది. పితకని గింజను మట్టిలో పెట్టి, కుండీకి తన పేరు అట్టను అంటించుకున్న పిల్లవాడు రోజూ దాని దగ్గరికి వెళ్లి ఆ పేరు చదువుకుంటాడు. 1840లో జర్మనీలో తన పసిపిల్లల బడికి కిండర్‌గార్టెన్ అని పేరు పెట్టిన ఫ్రోబెల్, పిల్లలకు తలా ఒక చిన్న మడి ఇచ్చి మొక్కలు పెంచించేవాడు. స్థలం లేని మన బడులలో మడి బదులు కుండీ చాలు.

జాతీయ విద్యావిధానం–2020 మూడు నుంచి ఎనిమిదేళ్ల వయసును పునాది దశగా గుర్తించి ఆటపాటల చదువునే కోరింది. కానీ 2009 నాటి విద్యాహక్కు చట్టం ఆరేళ్లు నిండినవారికే హక్కు కల్పించినందువల్ల ఎల్‌కేజీ గదిలో ఏం జరుగుతున్నదో అడిగేవారు తక్కువ. నోటుపుస్తకం నిండితేనే కట్టిన ఫీజుకు న్యాయం జరిగినట్లు భావించే తల్లిదండ్రులు ఉన్నంతవరకు యాజమాన్యాలను మాత్రమే తప్పుపట్టడం కూడా సబబు కాదు.

వచ్చే జూన్‌లో బడులు తెరిచేలోగా, పసిపిల్లలకు బోధించే టీచర్లకూ అంగన్‌వాడీ కార్యకర్తలకూ ఈ పద్ధతులపై శిక్షణ ఇవ్వాలని విద్యాశాఖ, శిశు సంక్షేమ శాఖ అధికారులను కోరుతున్నాను. ఆవరణ లేని బడుల పిల్లలను వారానికి ఒక పూట టీచర్లతో పాటు పార్కులలోకి ఉచితంగా అనుమతించే విషయాన్ని నగరపాలక సంస్థ పరిశీలించాలని మనవి.

ఇట్లు,
ఒక విశ్రాంత ఉపాధ్యాయురాలు,
తిరుపతి.