పాల లెక్కల పక్కన ఇంటూ గుర్తులు

చిన్నీ,

నిన్న అటక సర్దుతుంటే నీ ఇంటర్ రోజుల నాటి క్యాలెండర్ దొరికింది. పాలు, గ్యాస్ లెక్కలు నేను రాసుకున్నదే. ప్రతి నెలా నాలుగైదు తేదీల మూలన పెన్సిల్‌తో సన్నగా ఇంటూలున్నాయి, కొన్నిచోట్ల రెండేసి. అవి నీ నెలసరి నొప్పి రోజులని నిన్నటిదాకా నాకు తెలీదు. రెండు ఇంటూలున్న ఒక తేదీన నీకు ఫిజిక్స్ పరీక్ష. ఆ పొద్దున వాము నీళ్లు తాగించి, "ఆడపిల్లలకి మామూలే, పెళ్లయితే సర్దుకుంటుంది" అని ఆటో ఎక్కించాను. మీ అమ్మమ్మ నాతో అన్న మాటే అది.

పోయిన వారం బెర్లిన్ డాక్టరమ్మ నీ ఎండోమెట్రియోసిస్ జబ్బుకి మందులతో పాటు, ఫోన్‌లో నొప్పిని తట్టుకునే సాధన నేర్పే ఎండో-యాప్ కూడా రాసిచ్చిందని నువ్వు చెప్తే నాకు ఒళ్లు మండింది. నా కూతురి నొప్పి వట్టి భ్రమంటున్నారా అని. యాప్‌ని మందు చీటీ మీద రాయడమేంటో, దానికి ఇన్సూరెన్స్ వాళ్లు డబ్బు కట్టడమేంటో! జర్మనీలో 2019లో దానికోసం చట్టమే చేశారని నువ్వు చెప్పేదాకా నమ్మలేదు.

ఈ జబ్బులో గర్భసంచి లోపలి పొర లాంటిది బయట అండాశయాల మీద, పేగుల మీద పెరుగుతుందనీ, పదిమంది ఆడవాళ్లలో ఒకరికి ఈ బాధ ఉందనీ అప్పుడే తెలిసింది. ఏళ్ల తరబడి ఓర్చుకున్నాక నరాలు చిన్న పోటుకే పెద్దగా కేకేస్తాయట. మళ్లీ వస్తుందేమోనన్న భయానికే పొత్తికడుపు బిగుసుకుని నొప్పి ఇంకా పెరుగుతుందట. అది మాత్రం నాకు వెంటనే అర్థమైంది. పళ్ల డాక్టరు సూది తీయకముందే నా దవడ బిగుసుకుపోతుందిగా!

ఆదివారం వీడియోకాల్లో ఆ యాప్‌లోని సాధన నాచేత కూడా చేయించావు. పిడికిళ్లు బిగించి వదలడం, తర్వాత భుజాలు. వదిలాక గానీ తెలీలేదు, అంతసేపూ అవి చెవుల దాకా ఎక్కి ఉన్నాయని. కుక్కర్ మూడు కూతలు కూసినా లేవలేదు.

బాగున్న రోజున పనులన్నీ మీదేసుకోకుండా సగంలో ఆపమంటోంది చూడు ఆ యాప్, అది నా దగ్గర నేర్చుకుని ఉండవు. ఓపికున్నప్పుడే ఇల్లంతా కడిగేయాలని కదా నేను నేర్పింది. రోజూ నొప్పెంతో రాసుకోవడం మాత్రం నువ్వు పదహారేళ్లకే మొదలెట్టావు, చూసేవాళ్లు లేకపోయినా.

ఈ సాధనతో లోపల పెరిగింది కరిగిపోదని నువ్వే చెప్పావు. మందులు మానకు.

చెల్లి రెండు నెలలుగా ఆ రోజుల్లో బడి మానేస్తోంది. శనివారం డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్తున్నా. ఏమేం అడగాలో రాసి పంపు.

అమ్మ