ముల్లు 100 దగ్గర, ఫోను 95 దగ్గర

ప్రియమైన మిత్రమా,

నీ ఉత్తరం అందింది. కొత్త కారు స్పీడోమీటరు 100 చూపిస్తుంటే ఫోనులో నావిగేషన్ 95 అంటోందని, మీటరు మార్పించాలా అని అడిగావు. మార్పించకు. అది పాడవలేదు. కావాలనే అలా తయారు చేస్తారు.

ఇదే అనుమానం నన్నూ చాలాకాలం వేధించింది. మొన్న తెల్లవారుజామున, రోడ్డు ఖాళీగా ఉండగా, తమ్ముడి చేతికి స్టాప్‌వాచీ ఇచ్చి పక్కన కూర్చోబెట్టుకున్నాను. ముల్లును 100 మీద కదలకుండా నిలిపి, కిలోమీటరు రాళ్లు చూసుకుంటూ వెళ్లాం. 10 కిలోమీటర్లకు పట్టింది 6 నిమిషాల 19 సెకన్లు. నిజంగా 100లో వెళ్లి ఉంటే 6 నిమిషాలు చాలాలి కదా! లెక్క కడితే వేగం 95. ఫోను మాటే నిజమని తేలినప్పుడు నాకు కలిగిన సంతోషం ఇంతా అంతా కాదు.

ఐక్యరాజ్యసమితి 39వ వాహన నిబంధన ప్రకారం మీటరు అసలు వేగం కంటే తక్కువ చూపకూడదు. ఎక్కువ చూపవచ్చు: అసలు వేగంలో పదో వంతు, ఆపైన మరో 4 కిలోమీటర్లు. 100లో వెళ్తుంటే 114 చూపినా ఒప్పే. మీటరు లెక్కపెట్టేది చక్రం ఎన్నిసార్లు తిరిగిందన్నదే. టైరు అరిగితే చక్రం చిన్నదై, అంతే దూరానికి ఎక్కువసార్లు తిరుగుతుంది. దాంతో ముల్లు ఇంకాస్త పైకి పోతుంది. గాలి తగ్గినా ఎంతో కొంత తేడా వస్తుంది. ఇలాంటి తేడాలు ఎటు వచ్చినా మీటరు అసలు వేగం కంటే తక్కువ చూపకూడదు కాబట్టి, తయారీదారులు ముందే కొంత ఎక్కువ చూపేలా అమర్చి ఉంచుతారు.

అలాగని ఎప్పుడూ ఫోనునే నమ్ముకోకు. ఉపగ్రహాల సంకేతాల్లో డాప్లర్ ప్రభావం వల్ల, అంటే కదలిక వల్ల తరంగాల పౌనఃపున్యంలో వచ్చే మార్పును బట్టి అది వేగం కడుతుంది. తిన్నని రోడ్డు మీద ఒకే వేగంతో వెళ్తున్నప్పుడు దానికి తిరుగులేదు. గట్టిగా బ్రేకు వేశావా, కారు నెమ్మదించాక కూడా క్షణం పాటు పాత అంకే కనిపిస్తుంది. సొరంగంలో అయితే సంకేతమే అందదు.

నాకు భయమల్లా నీ ఉత్తరం చివర రాసిన మాట గురించే. ఇంకా పెద్ద టైర్లు వేయించాలనుకుంటున్నావట! చక్రం పెద్దదైతే తక్కువసార్లు తిరుగుతుంది, ముల్లు కిందికి దిగుతుంది. తయారీదారు ఉంచిన ఆ కాస్త తేడా మొత్తం కరిగిపోయి, నీకు తెలియకుండానే వేగపు హద్దు దాటి పోవచ్చు. తొందరపడకు. ఇప్పుడున్న టైరు పక్కగోడ మీది అంకెలూ, వేయించాలనుకుంటున్న దాని అంకెలూ రాసి పంపు. రెండింటి చుట్టుకొలత నేను లెక్కకట్టి చెబుతాను.

నీ జవాబు కోసం చూస్తూ,
నీ స్నేహితుడు