గాజుల లక్ష్మీనరసు శెట్టి ఒక్క మార్కు ప్రశ్నేనా?

ఆంధ్రప్రదేశ్ సాంస్కృతిక శాఖ మంత్రి గారికి,

నమస్కారం. గ్రూప్స్ రాసే పిల్లలకు నేను చరిత్ర చెబుతాను. "క్రెసెంట్ పత్రిక స్థాపకుడు ఎవరు?" అంటే నిద్రలో లేపినా "గాజుల లక్ష్మీనరసు శెట్టి" అంటారు. ఆయన ఏం చేశాడంటే మాత్రం ముఖాలు చూసుకుంటారు. ఇంటిపేరు చూసి, గాజుల వ్యాపారం చేసేవాడని రాసినవాడు కూడా ఉన్నాడు!

ఆయనది నీలిమందు, బట్టల వ్యాపారం. 1806లో మద్రాసులో పుట్టాడు. తండ్రి దుకాణంలోనే పని నేర్చుకుని, రుమాళ్ళ బేరంలో బాగా గడించాడు. ఆ డబ్బుతో 1844లో క్రెసెంట్ పెట్టాడు. సర్కారువారు తమ గెజిట్‌లో ఆ పత్రిక ప్రకటన వేయడానికే ఒప్పుకోలేదు. 1852లో మద్రాస్ నేటివ్ అసోసియేషన్ అనే సంఘం పెట్టి, మన గోడును బ్రిటిష్ పార్లమెంటు దాకా పంపాడు.

ఆయన చేసిన పనుల్లో పెద్దది, మన పిల్లలకు తెలియనిది ఇంకొకటుంది. శిస్తు కట్టలేని రైతులను రెవెన్యూ బంట్రోతులు హింసించేవారు. అందుకు వాడేదాన్ని కిట్టి అనేవారు, అంటే ఒక కొస కట్టేసిన రెండు కర్రలు. మధ్యలో రైతు వేళ్ళు పెట్టి, నిమ్మకాయ పిండినట్టు నొక్కేవాళ్ళు. మెడకూ కాలివేళ్ళకూ తాడు బిగించి, మనిషిని ఎండలో వంగబెట్టి ఉంచేవాళ్ళు. కళ్ళలో కారం సంగతి వేరే చెప్పక్కర్లేదు. డాన్బీ సేమూర్ అనే బ్రిటిష్ ఎంపీ 1853లో వస్తే, శెట్టిగారు ఆయన్ని వెంటబెట్టుకుని ఊళ్ళకు తీసుకెళ్ళి రైతులచేతే ఇవన్నీ చెప్పించాడు. కాగితం మీద రాసి ఊరుకుంటే ఎవరూ నమ్మరని ఆ వ్యాపారికి తెలుసు, సరుకు చూపించాలి. గొడవ లండన్‌లో రేగి, 1854లో కమిషన్ వేశారు. 1855లో నివేదిక వచ్చింది. హింస నిజమేనని ఇంగ్లీషువాళ్ళే ఒప్పుకున్నారు. రెండేళ్ళ తర్వాత న్యూయార్క్ పత్రికలో కార్ల్ మార్క్స్ దాని గురించి రాశాడు.

శెట్టిగారిని దేవుణ్ణి చేయమని అడగడం లేదు. మతం మారినవారికి ఆస్తిలో హక్కు నిలిపిన 1850 చట్టాన్ని ఆయన గట్టిగా వ్యతిరేకించాడు. అది నాకు నచ్చదు, పిల్లలకూ అలాగే చెబుతాను. 1860ల్లో ఆయన్ని శాసనమండలిలోకి తీసుకున్నారు. ఓట్లు, ప్రచారాలు లేవు, అది గవర్నరు ఇచ్చిన కుర్చీ. కూడబెట్టిందంతా ఈ పనులకే పోయి, 1868లో చనిపోయేనాటికి పేదవాడిగా మిగిలాడు.

విగ్రహం వద్దు సార్. దండ ఎండిపోయాక దానివైపు ఎవరూ చూడరు. నేను అడిగేది ఒక పుస్తకం. ఆ 1855 నివేదిక ఇంగ్లీషు ప్రతి ఇంటర్నెట్‌లో ఉంది. మన జిల్లాలు అప్పుడు మద్రాసు ప్రెసిడెన్సీలోవే, మన రైతుల సంగతులూ అందులో ఉన్నాయి. పాత ఇంగ్లీషు, పైగా చట్టం మాటలు. మా పిల్లలు రెండు పేజీలు చదివి మూసేస్తున్నారు. కనీసం సాక్ష్యాల భాగమైనా తెలుగు చేయించి, జిల్లా గ్రంథాలయాలకు పంపండి. రెవెన్యూ పదాలు తెలిసిన రిటైర్డ్ తహసీల్దార్లు ఇద్దరు, అనువాదకులు ఇద్దరు కూర్చుంటే అయ్యే పని. కిట్టి లాంటి మాటలకు పాత వాడుక వెతకడానికి మా క్లాసు పిల్లలు కూడా సిద్ధంగా ఉన్నారు.

ఇట్లు,
ఒక చరిత్ర మాస్టారు