పెట్టె మీది అంకె చూసి ఫర్నేస్ ఫిల్టర్ కొనకండి

సంపాదకులకు,

అమెరికాలో చలి మొదలయ్యే వేళకి అక్కడి తెలుగు ఇళ్లలో ఏటా ఒకటే ప్రశ్న: ఇల్లంతా వేడిగాలి పంపే ఫర్నేస్‌కి మెర్వ్ 8 ఫిల్టర్ వేయాలా, 11 వేయాలా, 13 అయితే ఇంకా మంచిదా? (మెర్వ్ అంటే ఫిల్టర్ ఎంత సన్నని దుమ్మును ఎంతమేర పట్టగలదో చెప్పే కొలమానం.) ఊరినుంచి అమ్మానాన్నలు వచ్చారనో, ఇంట్లో పసిబిడ్డ ఉందనో షాపులో అన్నిటికంటే పెద్ద అంకె ఉన్నది తెచ్చి దూరుస్తున్నారు. ఆ తర్వాత ఫర్నేస్ ఆగి ఆగి నడుస్తోందని మెకానిక్‌కి ఫోన్ చేస్తున్నారు. మీ ప్రవాసుల పేజీలో ఇళ్ల కొనుగోలు గురించి తరచూ రాస్తున్నారు కదా, ఈ అట్టచట్రం ముక్క గురించి కూడా నాలుగు మాటలు వేయండి.

అంకెకన్నా ముందు చూడాల్సింది సైజు. పాత ఫిల్టర్ బయటికి లాగితే అంచు మీద 16×25×1 అనో, 20×25×1 అనో ఉంటుంది. టేపు పెట్టి కొలిస్తే ఒక్కో వైపు పావు అంగుళమో, అర అంగుళమో తక్కువే వస్తుంది. సందులో దూరడానికి అలా చేస్తారు. అసలు కొలత పెట్టె మీద చిన్నక్షరాల్లో వేస్తారు, అది పాతదానితో సరిపోవాలి. 4, 5 అంగుళాల మందం వాటిలో ఈ కొలత కంపెనీకో రకంగా ఉంటుంది కాబట్టి మరీ జాగ్రత్త. వదులుగా ఉంటే గాలి ఫిల్టర్‌లోంచి పోదు, పక్కనుంచి పోతుంది. అప్పుడు 8 అయినా 13 అయినా ఒకటే. పాత ఫిల్టర్ అట్ట అంచు వెంబడి నల్లటి చార పడి ఉంటే గాలి అక్కడినుంచి దొంగదారి పట్టిందన్నమాట.

ఇక అంకె. ఇళ్ల ఫిల్టర్లకు మెర్వ్ కొలమానం 1 నుంచి 16 దాకా. 3 నుంచి 10 మైక్రాన్ల (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యోవంతు) దుమ్ములో మెర్వ్ 8 కనీసం 70 శాతం పట్టాలి. మెర్వ్ 11 ఆ దుమ్ములో 85 శాతం, 1 నుంచి 3 మైక్రాన్ల దానిలో 65 శాతం పట్టాలి. ఒక మైక్రాన్‌కన్నా సన్నని పొగ రేణువుల్లో సగమైనా పట్టాలంటే 13 కావాలి. టెక్సస్‌లో డిసెంబరు, జనవరి నెలల్లో తుమ్మించే సీడర్ పుప్పొడి వీటన్నిటికన్నా పెద్దది, దానికి 8 చాలు. 2023 జూన్‌లో కెనడా కార్చిచ్చు పొగ న్యూజెర్సీని కమ్మినట్టు కమ్మితే మాత్రం, ఫర్నేస్ తట్టుకోగలిగితే 13 వేయడం సబబే. ఇంకో తిరకాసు: హోమ్ డిపో దుకాణాల్లో ఎఫ్‌పీఆర్, 3ఎం పెట్టెల మీద ఎంపీఆర్ అని వేరే కొలతలుంటాయి. ఎఫ్‌పీఆర్ 10 అంటే మెర్వ్ 10 కాదు, దాదాపు 13. ఎంపీఆర్ 1900 కూడా అంతే.

ఫర్నేస్ తట్టుకోగలదా లేదా అన్నది ఇంట్లోనే లెక్క వేసుకోవచ్చు. ఫర్నేస్‌కీ ఏసీకీ గాలి ఈ ఒక్క ఫిల్టర్‌లోంచే పోతుంది. ఏసీ ఒక్కో టన్నుకు నిమిషానికి సుమారు 400 ఘనపుటడుగుల గాలి కావాలి. 3 టన్నులకు 1,200. 16×25 ఫిల్టర్ వైశాల్యం 400 చదరపు అంగుళాలు, అంటే 2.78 చదరపుటడుగులు. భాగిస్తే గాలి వేగం నిమిషానికి 430 అడుగులు దాటుతోంది. అంగుళం మందం ముడతల ఫిల్టర్ హాయిగా పనిచేసేది 300 దరిదాపుల్లో. ఇలాంటి ఇంట్లో ఒక్క అంగుళం మందంలో 13 పెడితే అది స్ట్రా మడిచి కొబ్బరినీళ్లు తాగినట్టే. అదే 4 అంగుళాల ఫిల్టర్‌లో ముడతలు లోతుగా ఉంటాయి, గుడ్డ ఎన్నో రెట్లు ఎక్కువ, అందుకే 13 అయినా గాలి ఆడుతుంది. దానికి ఫర్నేస్ పక్కన వేరే డబ్బా బిగించాలి. 13 కావాలనుకునేవాళ్లు ముందు దానికి ఖర్చు పెట్టాలి. అంతవరకూ అంగుళం సందులో 8, మహా అయితే 11 వేసి త్వరత్వరగా మార్చడమే నయం.

గాలి చాలకపోతే చలికాలంలో హీట్ ఎక్స్ఛేంజర్ (మంట వేడిని గాలికి అందించే రేకు గది) వేడెక్కిపోయి, రక్షణ కోసం ఉండే లిమిట్ స్విచ్ మంట ఆపేస్తుంది, చల్లారాక మళ్లీ వెలుగుతుంది. ఇది ఏళ్ల తరబడి సాగితే ఆ రేకు పగిలి కార్బన్ మోనాక్సైడ్ ఇంట్లోకి వచ్చే ప్రమాదం ఉంది. వేసవిలో ఏసీ కాయిల్ మీద మంచు గడ్డకడుతుంది. పాతరకం మోటారు గాలి తగ్గిస్తుంది, వేగాన్ని తానే సర్దుకునే కొత్తరకం ఈసీఎం మోటారు మొండికేసి ఇంకా గట్టిగా తిరిగి కరెంటు బిల్లు పెంచుతుంది. ఏటా సర్వీసుకు వచ్చే టెక్నీషియన్‌ను స్టాటిక్ ప్రెషర్, అంటే గాలికి ఎంత అడ్డు తగులుతోందో చూపే ఒత్తిడి, కొలవమని అడగండి. చాలా ఫర్నేస్‌ల పలక మీద హద్దు 0.5 అంగుళాల నీటిమట్టమని (ఈ ఒత్తిడిని అలా కొలుస్తారు) రాసే ఉంటుంది.

బిగించేటప్పుడు ఫర్నేస్ ఆపేయాలి. ఫిల్టర్ మీది బాణం బ్లోవర్ (గాలి నెట్టే ఫ్యాన్) వైపు చూడాలి. ఇంట్లో గాలిని లాక్కునే గోడ జాలీ వెనక ఒకటి, ఫర్నేస్ దగ్గర ఇంకొకటి పెట్టేవాళ్లున్నారు. ఆ రెండింతల అడ్డు వద్దు. అంచు మీద మార్కర్‌తో తేదీ రాయండి. అంగుళందైతే 1 నుంచి 3 నెలలు, 4 అంగుళాలదైతే 6 నుంచి 12 నెలలు. కొత్తగా కట్టిన ఇంట్లో గోడల పొడి రాలుతుంటుంది, మొదటి రెండు మూడు నెలలు నెలకొకటి ఖాయం. థర్మోస్టాట్‌లో ఫ్యాన్ ఆటోలో ఉంటే ఫర్నేసో, ఏసీయో నడిచినంతసేపే ఫిల్టర్ పని. పొగ రోజుల్లో ఆన్‌లో పెట్టండి.

మన ఇళ్లలో ఫిల్టర్లు త్వరగా గోధుమరంగుకు తిరిగి జిగటగా మారడానికి కారణం పోపు, వేపుళ్లు. నూనె ఆవిరి అంటుకున్న ముడతల్లో దుమ్ము అట్టకట్టేస్తుంది. ఇంగువ వాసనను ఏ మెర్వ్ ఫిల్టరూ ఆపదు, ఎందుకంటే అది రేణువు కాదు, వాయువు. దాని సంగతి పొయ్యి దగ్గరే తేల్చాలి. పొయ్యి మీది మైక్రోవేవ్ ఫ్యాన్ వేసి, దాని పైన ముందు అంచు దగ్గర చేయి పెట్టి చూడండి. గాలి మొహానికే కొడితే అది పొగను బయటికి పంపడం లేదు, వంటింట్లోనే తిప్పుతోంది. పై షెల్ఫులోనుంచి గోడ బయటికో, ఇంటికప్పు మీదికో గొట్టం వేయించుకోవాలి.

ఇట్లు,
ఫర్నేస్, ఏసీ మరమ్మతుల పనిలో ఉన్న ఒక పాఠకుడు,
ప్లేనో, టెక్సస్