కట్టప్ప జవాబు మే 2 దాకా అచ్చు వేయకండి

ఎడిటర్ గారికి నమస్కారం.

నేను కర్నూలు–నంద్యాల రూటులో పల్లెవెలుగు బస్సు కండక్టర్ని. పేపర్లకు ఉత్తరం రాయడం ఇదే మొదలు. రోడ్ల గురించో, మంచినీళ్ల గురించో రాయాల్సిన చోట సినిమా గోల ఏంటని మీరనుకుంటే అనుకోండి. ఈ గురువారం, 2017 మార్చి 16న, ‘బాహుబలి 2’ సినిమా ట్రైలర్ వచ్చింది. బాహుబలిని నమ్మిన బంటు కట్టప్పే ఎందుకు చంపాడో మొదటి భాగంలో చెప్పకుండా ఆపేశారు కదా, ఆ జవాబు ఏప్రిల్ 28న వచ్చే ఈ రెండో భాగంలోనే. అప్పట్నుంచి నాకు నిద్ర సరిగ్గా లేదు. అందుకే డ్యూటీ దిగొచ్చి, అన్నం కూడా తినకుండా రాస్తున్నాను.

ఆరోజు పొద్దున్నే ట్రైలర్ థియేటర్లలో వేస్తారని మా అబ్బాయి తలస్నానం చేసి మరీ వెళ్లాడు. డిగ్రీ చదువుతున్నాడు, కాలేజీకి మాత్రం ఎప్పుడూ తలస్నానం చేసి పోలేదు. నాకు డ్యూటీ. సాయంత్రం ఐదింటికి నెట్‌లో పెడతారంట, అప్పటికి ఇంటికొచ్చి తీరిగ్గా చూద్దామనుకున్నాను. తీరా చూస్తే ఎవరో లీక్ చేశారంట, చెప్పిన టైము కంటే ముందే బయటికొచ్చేసింది. నేను చూసింది ఇంట్లో కాదు. నన్నూరు దాటాక, బస్సు వెనక సీట్ల దగ్గర, ఎవరిదో ఫోన్లో, అదీ సగం తలకిందులుగా.

నలుగురు పాలిటెక్నిక్ పిల్లలు ఒక ఫోను మీద వంగి ఉన్నారు. ఈ నెలాఖరు దాకా జియో ఫ్రీ కదా, పిల్లల చేతిలో ఫోను ఆగేదే లేదు. "టికెట్, టికెట్" అంటూ పోయినదాన్ని అక్కడే నిలబడిపోయాను. ఇంజను మోత, కిటికీ అద్దాల గలగల. ఆ మోతలోంచే బాహుబలి వేషం వేసిన ప్రభాస్ గొంతు వినిపించింది. రాజమాత శివగామి సాక్షిగా ప్రజల ధనమాన ప్రాణాలు కాపాడతానని ప్రమాణం చేస్తున్నాడు. ఆ గొంతు వింటూనే నా చేతి మీద వెంట్రుకలు నిక్కబొడుచుకున్నాయి. ఏనుగు తొండం మీద కాలు పెట్టి పైకెక్కే షాటు దగ్గర పిల్లలు ఈలేసినారు. డ్రైవరన్న ఏదో అయిందనుకుని బ్రేకేసినాడు.

ఇంతకీ నా గుండె ఆగింది ఏనుగు దగ్గర కాదు సార్, ఒక మాట దగ్గర. కట్టప్పతో బాహుబలి అంటాడు చూడండి, నువ్వు నా పక్కనున్నంత కాలం నన్ను చంపేవాడు ఇంకా పుట్టలేదని. ఆ మాట చివర "మామా" అంటాడు. అయిపోయింది. నాకు ఇంకేమీ వినబడలేదు.

పక్క సీట్లో వంకాయల సంచి ఒళ్లో పెట్టుకున్న అవ్వ ఒకామె ఉంది, హుస్సేనాపురం పోవాల. ఆమె మొదటి భాగం చూడలేదంట. "ఎవురు నాయనా సచ్చింది?" అని అడిగింది. ఒక పిల్లోడు ఓపిగ్గా చెప్పినాడు, ఈయన్ని ఆయనే చంపినాడవ్వా అని.

"మామా అంటాండాడు కదా. మేనమామేనా?"

"కాదవ్వా, కట్టు బానిస. పిలుపు అంతే."

అవ్వ కాసేపు సంచి సర్దుకుంది. "బానిసను మామా అని పిల్చినాడంటే మంచోడే పాపం. ఆ మాట ఇన్నాక సెయ్యెట్టా ఆడిందో వానికి" అంది.

ఎడిటర్ గారూ, మీ సినిమా పేజీల్లో రెండేళ్లుగా ఈ ప్రశ్న మీద ఎన్ని కాలమ్‌లు వచ్చాయో నాకు తెలుసు, అన్నీ చదివాను. అవ్వ అన్నంత సూటిగా ఎవరూ రాయలేదు. చంపమని చెప్పిందెవరు, కుట్ర ఎవరిది అనే అందరూ లెక్కలేస్తున్నారు. మామా అని పిలిపించుకున్న మనిషి చెయ్యి ఎలా ఆడిందన్నది కదా అసలు సంగతి! మా సీమలో మామ అనే పిలుపు ఎంత దూరం పోతుందో మీకు చెప్పక్కర్లేదు. చెవులు కుట్టించేటప్పుడు ఎవరి ఒళ్లో కూర్చోబెడతాం? పెళ్లిలో బుట్టలో కూర్చోబెట్టి మోసుకొచ్చేదెవరు? ట్రైలర్ కోసిన ఆ మహానుభావుడెవరో గానీ, రెండు నిమిషాల్లో కత్తులు, రథాలు, బాణాలు అన్నీ చూపించి, జవాబు మాత్రం చెప్పకుండా, ఆ ఒక్క పిలుపును మన మీదికి వదిలాడు. ఆయనకు దండం.

ఆ ధ్యాసలో అవ్వకు హుస్సేనాపురం టికెట్ బదులు పాణ్యం టికెట్ కొట్టాను. తప్పు నాదే. తేడా డబ్బులు నా జేబులోంచి వాపసిచ్చాను.

నేనేమీ ఊరికే పిచ్చెక్కి రాయడం లేదు, ఈ సినిమాతో నాకు చుట్టరికం ఉంది. 2013 జులై 6న దీని షూటింగు మొదలైంది ఎక్కడనుకుంటున్నారు? మా రూటులోనే, ఓర్వకల్లు రాతివనాల్లో. రోడ్డు మీద పోతుంటే కనబడే బండలే. రోజుకు నాలుగుసార్లు వాటి ముందు నుంచి పోతూ, పదేళ్లుగా నేను వాటిని తలతిప్పి చూసింది లేదు. ఆ వారం మాత్రం బస్సెక్కిన ప్రతివాడూ "రాక్ గార్డెన్ ఒకటి" అన్నాడు. స్టాపు రాగానే సగం బస్సు ఖాళీ. నేను మెట్టు మీద నిలబడి మెడ సాచి చూస్తే వ్యాన్లు, గొడుగులు, అడ్డం నిలబడిన మనుషులు తప్ప ఏమీ కనబడలేదు. ప్రభాస్‌ను చూడనే లేదు. దిగి చూసొచ్చినవాళ్లు తిరుగు ట్రిప్పులో ఒక్కొక్కరు ఒక్కో కథ చెప్పారు. అందులో ఎంత నిజమో వాళ్లకే తెలియాలి.

అప్పుడు మా అమ్మాయి ఏడో తరగతి. ఇప్పుడు పదో తరగతి పరీక్షలు రాస్తోంది. ఈ మధ్యలో ఎన్ని జరిగాయో చూడండి. ఆ ఆగస్టులో సమైక్య ఉద్యమానికి మా బస్సులే రెండు నెలలు ఆగిపోయాయి. మరుసటేడు రాష్ట్రం రెండైంది. మొన్న నవంబరులో నోట్లు రద్దయ్యాయి. రెండు వేల నోటు చేతిలో పెట్టి నన్నూరుకు టికెట్ అడిగినవాళ్లతో నేను పడిన అవస్థ రాస్తే అదే ఒక సినిమా. ఇన్నింటి మధ్యా ఆ రాజమౌళి, ఆ ప్రభాస్ ఒక్క కథనే పట్టుకుని కూర్చున్నారు. ఈ జనవరిలో ప్రభాస్ షూటింగు అయిపోయిందని మీ పేపర్లోనే చదివాను. మూడున్నరేళ్లు! మేము అదే రూటులో అలాగే తిరుగుతూ ఉన్నాం, అనుకోండి.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను.

మొదటి భాగం 2015 జులై 10న వచ్చింది. నాలుగు రోజులకే గోదావరి పుష్కరాలు. ఇక్కడి బస్సులు, మనుషులు అటు పోతే మిగిలినవాళ్లం ఇక్కడి సర్వీసులు చూసుకున్నాం. నేను థియేటర్‌కు పోయేసరికి మూడో వారం. అప్పటికే అంతా అయిపోయింది. నంద్యాల బస్టాండులో చిల్లర లెక్కపెట్టుకుంటుంటే ఒక ప్రయాణికుడు పక్కవాడితో అంటున్నాడు: "అంతా అయినాక చివర్లో కట్టప్పే పొడిచినాడని చెప్పి ఆపేసినాడు రా." చిల్లర లెక్క తప్పింది, సినిమా లెక్కా తప్పింది. తర్వాత హాల్లో కూర్చుంటే, వెనక మంటలు, ముందు వెన్నులో కత్తి దిగిన బాహుబలి... హాలంతా హా అని ఊపిరి బిగబట్టింది. నేనొక్కదాన్నే తెలిసినదాన్లా చూస్తూ కూర్చున్నాను. ఆ "హా" నాకు రాలేదు సార్. టికెట్ డబ్బులిచ్చాను గానీ నా వంతు "హా" నాకు ముట్టలేదు.

చిన్నప్పుడు మా ఊరి టూరింగ్ టాకీసులో విఠలాచార్య సినిమాలు, కాంతారావు కత్తియుద్ధాలు చూసేవాళ్లం. వాటిలో చివరికి ఏమవుతుందో పాలు తాగే పిల్లలకు కూడా తెలుసు. మాంత్రికుడు చస్తాడు, రాకుమారి దక్కుతుంది. ఎవరైనా ముందే చెప్పినా పోయేదేమీ లేదు. దీని సంగతి అలా కాదు. రెండేళ్లుగా ఒకే ఒక్క ప్రశ్న మీద కోట్లమందిని కూర్చోబెట్టారు. ఆ ఒక్కటి పోతే నాలాంటిదానికి మిగిలేది ఏనుగులే.

మా బస్సులో ఎవరి జవాబు వాళ్లకుంది. సింహాసనం కోసం బాహుబలితో పోటీపడిన భల్లాలదేవుడే మోసం చేసి చంపించి ఉంటాడని మా అబ్బాయి అంటాడు. మా అమ్మాయి, పరీక్ష మొదలవడానికి ముందురోజు "అమ్మా, ఒక్కసారే" అని ఆరుసార్లు ట్రైలర్ చూసి, చచ్చిపోలేదేమో అంటోంది. మరునాడు తెలుగు పరీక్ష ఎలా రాసిందో దేవుడికెరుక. డ్రైవరన్న స్టీరింగు తిప్పుతూ తాపీగా అన్నాడు: "రాజమాత చెప్తే తప్ప కట్టప్ప కత్తి తీయడక్కా. ఆయమ్మే చెప్పింటాది."

నాకు ఒళ్లు మండింది. మొదటి భాగంలో వీపులో బాణం దిగినా, నీళ్లలో మునిగిపోతూ కూడా పసిబిడ్డను ఒంటిచేత్తో పైకెత్తి పట్టుకుంది ఆ శివగామి తల్లి. ఆ చెయ్యి ఇలాంటి ఆజ్ఞ ఇస్తుందా? కాల్వబుగ్గ నుంచి తమ్మరాజుపల్లె దాకా ఆయనతో మాట్లాడలేదు. ఆయన మాత్రం అద్దంలో చూసి నవ్వుతూనే ఉన్నాడు. కట్టప్ప మాటకు, సింహాసనానికి కట్టుబడినవాడు, అంతవరకు నేనూ ఒప్పుకుంటా. ఆ సింహాసనం పేరు చెప్పి భల్లాలదేవుడి తండ్రి బిజ్జలదేవుడు ఏదో మెలిక పెట్టి ఉంటాడని నా లెక్క. శివగామిగా వేసిన ఆ రమ్యకృష్ణ కళ్లు చూసి కూడా ఆమెను అనుమానించేవాళ్లకు ఏం చెప్పాలి! ఏప్రిల్ 28 తర్వాత డ్రైవరన్న నాకు టీ, మిర్చిబజ్జీ ఇప్పించాలని పందెం.

మీరు నవ్వుకుంటూ ఉంటారు. మీ పత్రికతో నాకు పనేంటో చెబుతాను. తెల్లవారుజామున మొదటి ట్రిప్పులో పేపర్ల కట్టలు మా బస్సులోనే వస్తాయి. సుతిలితో కట్టిన కట్ట తెచ్చి నా సీటు కాళ్ల దగ్గర పడేస్తారు. పైపేపరు మొదటి పేజీ వెల్లకిలా నన్నే చూస్తుంటుంది. ఓర్వకల్లులో ఏజెంటుకు అందించేదాకా దాన్ని చూడకుండా ఉండటం నా వల్ల కాదు, కళ్లు మూసుకుని టికెట్లు కొట్టలేను కదా. ఏప్రిల్ 28 శుక్రవారం సినిమా. 29 పొద్దున్నే మీ రివ్యూ. శీర్షికలోనే "కట్టప్ప అందుకే చంపాడు" అని వేశారనుకోండి, కర్నూలు ఊరు దాటకముందే నా పని ఖతం. నేను చదవకపోయినా, మూడో సీటాయన పైకి చదువుతాడు. ఆయన రోజూ రాశిఫలాలు కూడా పైకే చదువుతాడు.

రివ్యూ రాయొద్దని నేనడగను. బాగుంటే బాగుందని రాయండి, సాగదీస్తే సాగదీశాడని రాయండి. యుద్ధాలు, సెట్టింగులు, కీరవాణి పాటలు, అనుష్క విల్లు పట్టిన తీరు, ఎన్ని పేజీలైనా వేసుకోండి. ఆ ఒక్క జవాబు మాత్రం మొదటి పేజీలో వద్దు, శీర్షికలో వద్దు, ఫోటో కింద వద్దు. ఆపుకోలేకపోతే లోపల సినిమా పేజీలో, "చూసినవాళ్లు మాత్రమే చదవండి" అని పైన ఒక గీత గీసి దాని కింద వేయండి. ఫోన్లలో వచ్చేదాన్ని మీరు ఆపలేరు, నాకు తెలుసు. మొన్న నవంబరులో యుద్ధం సీనే లీకైంది, ఇప్పుడు ట్రైలర్. ఒక్కరోజులో నాలుగు భాషల్లో కలిపి ఐదు కోట్లసార్లు దాన్ని చూశారంట, అందులో మా బస్సువి ఎన్నో! ఫోనును నేను సంచిలో పడేసుకోగలను. కాళ్ల దగ్గర పడి ఉండే కట్టను ఏం చేయను?

మొదటిరోజే చూడొచ్చు కదా అంటారేమో. ఏప్రిల్ 28 శుక్రవారం, 29, 30 శనాదివారాలు, ఎండాకాలం సెలవులు. పెళ్లిళ్ల రద్దీలో బస్సు మెట్ల మీద కూడా కాలు పెట్టే చోటుండదు. సెలవడిగేంత సిగ్గులేనిదాన్ని కాదు. నా వీక్లీ ఆఫ్ మంగళవారం, అంటే మే 2. మ్యాట్నీకి ముగ్గురం పోతాం. మా అబ్బాయి అప్పటికే రెండుసార్లు చూసి ఉంటాడు, నోరు విప్పితే ఇంట్లోకి రానివ్వనని ఇప్పుడే చెప్పాను.

శనివారం నుంచి మంగళవారం దాకా నాలుగు కట్టలు. నాలుగు పొద్దులు ఓపిక పట్టండి, చాలు. బుధవారం నుంచి మీ ఇష్టం, ఫ్లెక్సీ కట్టుకోండి.

అవ్వ మళ్లీ బస్సెక్కితే ఆమెకు జవాబు నేనే చెప్పాలి.

ఇట్లు,
ఒక కండక్టరు,
కర్నూలు