ఊడిపోయే పన్నే కదా అనకురా

ఒరేయ్ రఘూ,

ముందు తిట్టడం ఆపు. నీ ఉత్తరానికి జవాబు బాగా ఆలస్యమైంది, నిజమే, క్షమించు. కారణాలు చెప్తే నువ్వు మళ్ళీ పసుపు చొక్కా సంగతి ఎత్తుతావు, అందుకని చెప్పను. ఇక్కడ అందరం కులాసా. నా ట్రాన్స్‌ఫర్ ఇంకా తేలలేదు. అమ్మ మోకాలు అలాగే ఉంది. కొత్త బాసు గురించి రాయాలంటే వేరే ఉత్తరం కావాలి. వార్తలు సమాప్తం.

ఇప్పుడు అసలు సంగతి. ఇది ఎవరికో ఒకరికి చెప్పకపోతే నాకు తోచేలా లేదు. మా చిన్నిదాని పన్ను గురించి. నవ్వకు, పూర్తిగా చదువు, నీ కొడుక్కీ పనికొస్తుంది.

ముందు గమనించింది మా ఆవిడ. చిన్ని ఒక పక్కనే నములుతోంది, రెండో పక్కకి ముద్ద వెళ్తే బుగ్గలో పెట్టుకుని అలాగే కూర్చుంటోంది. నొప్పిగా ఉందా అంటే లేదంటుంది. ఐదున్నరేళ్ళ పిల్లకి నొప్పి అంటే ఇదీ అని ఎవరు చెప్పారు గనక? టార్చిలైటు వేసి చూస్తే కింది దవడలో ఎడమపక్క, అన్నిటికన్నా వెనక ఉన్న పన్ను మీద చిన్న గోధుమరంగు చుక్క. అంతే. కాకపోతే ఆ పన్ను ముందు అంచు, పక్క పన్నుకి ఆనుకున్న చోట, కొంచెం బూడిదరంగుగా మసగ్గా ఉంది. మనకైతే అది కనిపించినా కనిపించనట్టే.

వెంటనే ఇంట్లో సభ. మా నాన్న సంగతి నీకు తెలుసుగా, మన మూడో బెంచీ కోర్టులో ఆయనే జడ్జి అయ్యుంటే నీకు యావజ్జీవం పడేది. "పాలపన్నేగా, ఎలాగూ ఊడిపోతుంది, దానికి వైద్యమేంట్రా, పసిదాన్ని ఏడిపించడం తప్ప?" అన్నాడు. అమ్మ తలూపింది. నేను మధ్యలో నిలబడ్డాను, ఎప్పట్లాగే. నిజం చెప్పాలంటే ఆయన మాట తీసిపారేసేది కాదు. అందరం చూసేది ముందు పళ్ళనే. అవి ఆరేళ్ళకి కదలడం మొదలుపెట్టి ఏడు, ఎనిమిదికల్లా ఊడిపోతాయి, ఫోటోల్లో ఆ బోసినవ్వు వస్తుంది, దాంతో పాలపళ్ళన్నీ అంతేననుకుంటాం. మొత్తం 20 పాలపళ్ళలో దవడ పళ్ళు 8. అవి 9 నుంచి 12 ఏళ్ళ దాకా అక్కడే ఉండి పనిచెయ్యాలి. చిన్నిది పాడైన పన్ను ఉందే, అది ఊడే వేళకి చిన్ని హైస్కూల్‌కి వస్తుందిరా! ఇంకో ఐదారేళ్ళు దానితో నమలాలి. ఐదారేళ్ళు వాడుకోవాల్సినదాన్ని "ఎలాగూ పోయేదే" అని వదిలేస్తామా?

ఈ ముక్క నాకు పిల్లల పళ్ళ డాక్టరమ్మ చెప్పాకే తెలిసింది. ఆవిడ ఎక్స్‌రే తీసి తెర మీద పెట్టి పెన్ను మొనతో చూపించింది. ఒరేయ్, అది నువ్వు చూడాలి. పైకి చుక్కలా ఉన్న పుచ్చు లోపల పెద్ద నల్లటి గుంటయి కూర్చుంది, నరానికి వెంట్రుకవాసి దూరంలో. పాలపళ్ళకి పైనుండే ఎనామెల్ అనే గట్టి పొర పలచనట, మన పళ్ళకున్న దాంట్లో సుమారు సగం. లోపల నరం గది మాత్రం పన్ను సైజుకి పెద్దది. అందుకే మనకి ఏళ్ళు పట్టే పుచ్చు పిల్లలకి నెలల్లో లోపలికి దిగిపోతుంది. పైగా రెండు దవడ పళ్ళూ ఒకదానికొకటి ఆనుకున్న చోట మొదలవుతుంది కాబట్టి నోరు ఎంత తెరిపించి చూసినా కనపడదు.

అసలు విశేషం ఇంకా కింద ఉంది. ఆ పాలపన్నుకి దవడలోకి దిగిన వేళ్ళ మధ్య, గుప్పిట్లో గోళీ పట్టుకున్నట్టు, ఇంకో పన్ను! పూర్తిగా తయారవలేదు, పైభాగం మాత్రమే తెల్లగా కనిపిస్తోంది. అది చిన్నికి పదకొండేళ్ళప్పుడు ఎప్పుడో రావాల్సిన పన్ను. నేను నోరు తెరుచుకుని చూస్తూ ఉండిపోయాను. చిన్ని మాత్రం "నాన్నా, నీ పన్ను కూడా చూపించు" అంది.

డాక్టరమ్మ చెప్పింది ఏంటంటే, పైనున్న పాలపన్ను పుచ్చి, నరం చచ్చి, వేళ్ళ దగ్గర చీము పడితే ఆ చీము చేరేది సరిగ్గా ఈ కొత్త పన్ను దగ్గరికే. ఎనామెల్ ఇంకా తయారవుతున్న సమయంలో అలా జరిగితే ఆ పన్ను గోధుమరంగు మచ్చతోనో, గుంటతోనో పైకి రావచ్చు. అది ఊడిపోయే పన్ను కాదు, జీవితాంతం ఉండేది.

"అయితే పీకించేస్తే పోలా?" అని మా నాన్న తరఫున నేనే అడిగాను. (ఆయన రాలేదు, కానీ ఆయన వాదన నాతో పాటు వచ్చింది.) దానికి ఆవిడ చెప్పినది నాకు బాగా నచ్చింది. ఆరేళ్ళ వయసులో పాలపళ్ళన్నిటికీ వెనక మొదటి శాశ్వత దవడ పన్ను వస్తుంది. దానికోసం ఏ పన్నూ ఊడదు, ఖాళీగా ఉన్న చోట చడీచప్పుడూ లేకుండా వచ్చేస్తుంది. అందుకే చాలామంది తల్లిదండ్రులు దాన్ని కూడా పాలపన్నే అనుకుని వదిలేస్తారట. ఆ కొత్త పన్ను ముందున్న పాలపన్ను వీపుని ఆనుకుని పైకి వస్తుంది. అక్కడ పాలపన్ను లేకపోతే ఏం చేస్తుంది? ముందుకి ఒరుగుతుంది. ఒరిగి, కింద గోళీలా ఉన్న పన్ను రావాల్సిన జాగా ఆక్రమిస్తుంది. తర్వాత అది పైకి రావడానికి దారి లేక లోపలే ఇరుక్కుంటుంది, లేదా పక్కకి తిరిగి వస్తుంది.

అప్పుడు నాకు మా అక్క కూతురు గుర్తొచ్చింది. పాపం దానికి చిన్నప్పుడు దవడ పన్ను పీకించేశారు, ఆ జాగా మూసుకుపోకుండా ఆపే తీగలాంటి పరికరం ఉంటుందని ఎవరూ చెప్పలేదు. ఇప్పుడు ఆ పిల్ల నోటినిండా తీగలు. నవ్వమంటే చెయ్యి అడ్డం పెట్టుకుంటుంది. నాకు ఒళ్ళు మండింది, ఎవరి మీదో తెలీదు. సర్లే.

వైద్యం సంగతి చెప్పాలి. చీము పట్టలేదు కాబట్టి పని తేలికైంది. ఆవిడ చిన్నితో ఇంజెక్షన్ అన్న మాటే ఎత్తలేదు. ముందు గాలి గొట్టం తీసి దాని గోరు మీద ఊదింది, అద్దం చేతికిచ్చి పళ్ళు లెక్కపెట్టమంది, తర్వాత "పన్నుని నిద్రపుచ్చుదామా" అంది. చెప్పడం, చూపించడం, ఆ తర్వాతే చెయ్యడం. నాకున్న టెన్షన్‌లో సగం కూడా దానికి లేదు. పుచ్చంతా తీసి, నరంలో పైభాగం మాత్రం తీసేసి దూది పెట్టి నొక్కింది. రక్తం కాసేపట్లో ఆగింది. ఆగితే వేళ్ళలోని నరం బాగున్నట్టట, ఆగకపోతే మొత్తం శుభ్రం చెయ్యాల్సి వచ్చేదట. మందు పెట్టి మూసేసి, పైన స్టీలు క్యాప్ వేసి గట్టిగా కొరకమంది. ఆ క్యాప్ మళ్ళీ తీయించక్కర్లేదు, పన్ను ఊడే రోజున దానితో పాటే ఊడిపోతుంది. మత్తుమందుకి మొద్దుబారిన పెదవి కొరుక్కోకుండా కొన్ని గంటలు కాపలా కాయమంది. అది మాత్రం కష్టమైంది. రబ్బరులా ఉందని మా చిన్నిదానికి తెగ సరదా.

పుచ్చిన ప్రతి పాలపన్నుకీ ఇంత తతంగం ఉండదు. ఇంకో ఆర్నెల్లలో ఊడబోయేది, నొప్పీ వాపూ లేనిదైతే కనిపెట్టుకుని ఉంటే చాలంది. చిన్న పుచ్చయితే మందు పూసి ఆపేస్తారు, కాకపోతే ఆ చోట నల్లబడుతుంది. అది డాక్టరే ఎక్స్‌రే చూసి తేల్చాలి, మా నాన్నో మీ మావయ్యో కాదు.

మేం బయట కూర్చున్నప్పుడు ఒక బాబుని ఎత్తుకొచ్చారు. మూడేళ్ళుంటాయి. ఒక పక్క బుగ్గంతా ఉబ్బి కన్ను సగం మూసుకుపోయింది, ఒళ్ళు కాలిపోతోంది. వాళ్ళమ్మ ఏడుస్తోంది. వాళ్ళని వెంటనే ఆస్పత్రికి పంపించారు. పంటి చీము ముఖంలోకి పాకితే ప్రమాదమటరా, కంటి వైపు వాపు వచ్చినా, దవడ కింద గట్టిపడినా, మింగలేకపోతున్నా తెల్లారేదాకా ఆగకూడదు. ఆ బాబు ముఖం ఇంకా కళ్ళముందే ఉంది.

నీ కొడుక్కి మూడు నిండాయా? అయితే రేపే టార్చి పట్టుకుని వాడి పై పెదవి ఎత్తి చూడు. చిగురు పక్కన సున్నంలా తెల్లటి గీత కనిపిస్తే అది పుచ్చుకి మొదటి మెట్టు, ఆ దశలో పన్నుని గట్టిపరిచే ఫ్లోరైడ్ పూస్తే వెనక్కి తిరగొచ్చు. రాత్రి పడుకునే ముందు బ్రష్ తప్పనిసరి, నిద్రలో లాలాజలం తగ్గిపోతుంది కాబట్టి. బ్రష్ వాడి చేతికిచ్చి నువ్వు ఫోన్ చూసుకోవడం కుదరదు, ఏడెనిమిదేళ్ళు వచ్చేదాకా నువ్వే తోమాలి. ఫ్లోరైడ్ పేస్టు బఠాణీ గింజంత చాలు. తర్వాత ఉమ్మెయ్యమను, నీళ్ళతో పుక్కిలించనివ్వకు. పాలసీసా నోట్లో పెట్టి పడుకోబెట్టే అలవాటు ఇంకా ఉంటే, మీ ఆవిడతో పోట్లాట పెట్టుకునైనా సరే మాన్పించు. తీపి పెట్టొద్దని కాదు, రోజంతా కొంచెం కొంచెం పెట్టడం వద్దు. తిన్న ప్రతిసారీ నోట్లో యాసిడ్ తయారై దాదాపు అరగంట పన్నుని తింటుంది.

మా నాన్న ఇంకా ఒప్పుకోలేదు. "మా కాలంలో" అని మొదలుపెట్టాడు, నేను ఎక్స్‌రే చూపించాను, కళ్ళజోడు కనపడటంలేదన్నాడు. ఇంకా ఆ అద్దం సంగతి, చిన్ని క్లాసులో క్యాప్ చూపించి ఏం చేసిందో అవన్నీ చెప్పాలి, అసలు దాని టీచరు... అదుగో మా ఆవిడ పిలుస్తోంది, బండి తాళాలు నా దగ్గరే ఉండిపోయాయి. ఉంటా. ముందు వాడి పళ్ళు చూసి నాకు రాయి.

నీ
శేషు